అద్దె కోసం రెండో ఇల్లు: ప్రీలాంచ్ ఫ్లాటా, పాత ఫ్లాటా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు. హైదరాబాదు కూకట్‌పల్లిలో సొంత ఇల్లు ఉంది, దాని అప్పు తీరడానికి ఇంకా ఆరేళ్లు పడుతుంది. చేతిలో 35 లక్షలు కూడబెట్టారు. నెలనెలా అద్దె వచ్చేలా రెండో ఇల్లు కొనాలనుకుంటున్నారు. ఒకవైపు కొల్లూరు దగ్గర ఇంకా అనుమతులు రాని ప్రీలాంచ్ ఫ్లాటు ఉంది: 1,450 చదరపు అడుగులు, అడుగు 4,200 చొప్పున దాదాపు 61 లక్షలు, మొత్తం రెండు నెలల్లో కట్టాలి. మరోవైపు మియాపూర్ మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరంలో 14 ఏళ్ల నాటి రెండు పడకగదుల ఫ్లాటు ఉంది: 65 లక్షలు, ప్రస్తుతం అద్దె 22,000. ఏది కొనాలి, అద్దెతో వాయిదా తీరుతుందా, ఏమేం చూసుకోవాలి, బయానా (బేరం ఖాయం చేస్తూ ముందుగా ఇచ్చే డబ్బు) ఎంత ఇవ్వాలి అని అడిగారు.

నేను సివిల్ ఇంజినీరుగా ముప్పై ఏళ్లు పనిచేసి విరమించాను. ఇరవై రెండేళ్లుగా ఈ నగరంలోనే ఫ్లాట్లు కొని అద్దెకిస్తున్నాను. నా సమాధానం ముందే చెబుతాను: ప్రీలాంచ్ వైపు వెళ్లకండి. పాత ఫ్లాటు మంచి ఆలోచనే, కానీ 65 లక్షలది మీకు బరువు. 55 లక్షల లోపు దొరికేది వెతకండి. ఎందుకో ఇప్పుడు వివరంగా రాస్తాను.

మీరు ప్రీలాంచ్ కోసం చేతిలో ఉన్న 35 లక్షలు పోను మిగతాది బంగారం కుదువపెట్టి, కొంత స్నేహితుల దగ్గర తెచ్చి సర్దుకుంటామని రాశారు. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. బ్యాంకు నుంచి ఎందుకు తీసుకోవడం లేదు? అనుమతి లేని ఫ్లాటుకు బ్యాంకు గృహరుణం ఇవ్వదు కాబట్టి. అప్పు ఇవ్వడమే వ్యాపారంగా ఉన్న సంస్థ వెనక్కి తగ్గిన చోట మీరు ఇంట్లో బంగారం తీసుకెళ్లి పెట్టడం న్యాయం కాదు.

చట్టం కూడా ఇక్కడ స్పష్టంగానే ఉంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గానీ, ఎనిమిది ఇళ్లకు మించి గానీ కట్టే ప్రాజెక్టును ముందుగా నమోదు చేయాలి. నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. నమోదు అయిన తర్వాత కూడా, అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి పుచ్చుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ స్థలానికీ ఆ నిర్మాణానికే ఖర్చు చేయాలి. మీకు చెప్పిన షరతు చూడండి: రెరా నమోదు నంబరు లేదు, ఒప్పందం లేదు, నూరు శాతం డబ్బు రెండు నెలల్లో. ఆ డబ్బు రేపు ఇంకో చోట భూమి కొనడానికి పోయినా మీకు తెలిసే దారి లేదు.

భూమిలో వాటా రిజిస్టరు చేసి ఇస్తారు కదా, అది భద్రమే కదా అని రాశారు. యూడీఎస్ (విభజించని భూమి వాటా) పేరుతో జరిగే ఈ అమ్మకాల్లో చాలామంది ఇక్కడే మోసపోయారు. లెక్క వేసి చూద్దాం. ప్రాజెక్టు స్థలం ఐదెకరాలనుకుంటే 24,200 గజాలు. వెయ్యి ఫ్లాట్లు కడతారనుకుంటే మీ వంతు సుమారు 24 గజాలు. ఆ 24 గజాలకు హద్దులు ఉండవు. ఎక్కడుందో చూపించలేరు, చుట్టూ కంచె వేయలేరు, విడిగా అమ్మబోతే కొనేవారు దొరకరు. ప్రాజెక్టు ఆగిపోతే ఆ స్థలాన్ని మరో బిల్డరుకు అప్పగించాలన్నా, అమ్ముకోవాలన్నా మిగతా వాటాదారులందరినీ ఒక తాటి మీదకు తేవాలి. అన్నదమ్ములు నలుగురు ఒక పొలం అమ్మకానికి సంతకాలు పెట్టడానికే ఏళ్లు పడుతున్నాయి. మీరు ముఖం కూడా చూడని వెయ్యి మందితో అది ఎప్పటికి జరుగుతుంది? పైగా బిల్డర్లు 25 అంతస్తులు అని బొమ్మ చూపించి అమ్ముతారు. అనుమతి 15 అంతస్తులకే వస్తే 18వ అంతస్తులోని మీ ఫ్లాటు ఎక్కడుంటుంది? మీకు ఇవ్వబోయే దస్తావేజులో ఫ్లాటు నంబరు ఉంటుందో లేదో చూడండి. లేకపోతే మీరు కొనేది ఇల్లు కాదు.

భూమి పత్రాలు లాయరు చూశారు, అన్నీ సరిగ్గా ఉన్నాయి అని కూడా రాశారు. ఉండవచ్చు. భూమి మీద హక్కు సరిగ్గా ఉండటం వేరు, ఆ భూమి మీద కట్టడం పూర్తయి మీ చేతికి తాళంచెవి రావడం వేరు. లాయరు చూసేది మొదటిదే.

ఇక మియాపూర్ ఫ్లాటు లెక్క. ధర 65 లక్షలు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ కలిపి 7.5 శాతం, అంటే 4,87,500. మధ్యవర్తికి ఒక శాతం, 65,000. పద్నాలుగేళ్ల ఇంట్లో పైపులు, బాత్‌రూములు, రంగులు బాగుచేయించడానికి తక్కువలో తక్కువ మూడు లక్షలు. మొత్తం 73.5 లక్షలు. ఈ పైఖర్చులు బ్యాంకు ఇచ్చే అప్పు లెక్కలోకి రావు, చేతి నుంచే పోతాయి. ఇప్పుడు ఆదాయం: ఏడాదికి పన్నెండు నెలల అద్దె వస్తుందని ఎప్పుడూ లెక్క వేయకండి. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు చేరేలోపు రంగులు వేయించాలి, నెల గడిచిపోతుంది. పదకొండు నెలలకు 2,42,000. అందులో ఆస్తి పన్ను, ఖాళీగా ఉన్న నెల మెయింటెనెన్సు, చిన్నాపెద్దా మరమ్మతులు, అద్దెకు కుదిర్చినవారి కమీషను తీసేస్తే రెండు లక్షల పైచిలుకు మిగులుతుంది. పెట్టిన 73.5 లక్షల మీద ఇది 2.8 శాతం దగ్గర తేలుతుంది.

ఇంత తక్కువా అని మీకు అనిపిస్తుంది. హైదరాబాదులో ఇంటి అద్దెల పరిస్థితి ఇదే. 40 లక్షల అప్పును 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 34,700. అద్దె 22,000. ప్రతి నెలా దాదాపు 13,000 మీ జీతాల నుంచి కలపాలి, ఇల్లు ఖాళీగా ఉన్న నెలలో మొత్తం మీరే కట్టాలి. పైగా 73.5 లక్షలలో 40 పోగా 33.5 లక్షలు మీ చేతిది పెడితే మిగిలేది లక్షన్నర. ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి ఖర్చు వచ్చినా ఆ లక్షన్నర ఎన్నాళ్లు ఆదుకుంటుంది? రెండు వాయిదాలు నడుస్తున్న ఇంట్లో కనీసం ఆరునెలల వాయిదాలకు సరిపడా డబ్బు కదపకుండా ఉండాలి.

అదే 55 లక్షల ఫ్లాటయితే పైఖర్చులతో కలిపి 62.7 లక్షలు అవుతుంది. 35 లక్షలు అప్పు తీసుకుంటే వాయిదా 30,400 లోపే. చేతి నుంచి 27.7 లక్షలు పోతే ఏడు లక్షల పైన మిగులుతుంది. చందానగర్, లింగంపల్లి, నిజాంపేట వైపు కొంచెం లోపలికి వెళ్లి వెతకండి. స్టేషనుకు నడిచి వెళ్లేంత దగ్గర కాకపోయినా, షేర్ ఆటో తిరిగే రోడ్డు దగ్గరుంటే అద్దెకు వచ్చేవారికి కొరత ఉండదు.

పన్ను విషయం ఒక్క మాట. అద్దె ఆదాయంలో ఆస్తి పన్ను తీసేశాక మిగిలినదానిలో 30 శాతం నిర్వహణ ఖర్చుల కింద మినహాయిస్తారు, అప్పు మీద వడ్డీని కూడా తీసేయవచ్చు. కానీ మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే, అద్దె కన్నా వడ్డీ ఎక్కువై నష్టం తేలినా ఆ నష్టాన్ని జీతంలో సర్దుకోవడం కుదరదు. పాత విధానంలో ఏడాదికి రెండు లక్షల వరకు కుదురుతుంది. "పన్ను కలిసొస్తుంది" అని ఎవరైనా చెబితే మీరు ఏ విధానంలో ఉన్నారో ముందు చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, పాత ఫ్లాటును ఎలా చూడాలి. దీనికి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి.

2013లో మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులని, మెట్లు తక్కువ ఎక్కాలని, మొదటి అంతస్తులో ఒక కొత్త ఫ్లాటు మాట్లాడుకున్నాం. బిల్డరు తెలిసినవాడే. ధరలో 40 శాతం కట్టేశాను. రిజిస్ట్రేషను రోజున కుటుంబమంతా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లాం. గుమస్తా మా కాగితాలు తిరగేసి, ఫ్లాటు నంబరు మీద పెన్సిలుతో సున్నా చుట్టి, "ఇది తనఖాలో ఉంది, చేయడం కుదరదు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అప్పుడు తెలిసింది: భవనానికి అనుమతి ఇచ్చేటప్పుడు కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతాన్ని మున్సిపాలిటీ తన పేర తనఖా పెట్టించుకుంటుంది. అది గ్రౌండు, మొదటి, రెండో అంతస్తుల్లోనే ఉంటుంది. బిల్డరు ప్లాను ప్రకారం కట్టి, నివాసయోగ్య పత్రం, అంటే ఓసీ తెచ్చుకున్నాకే ఆ ఫ్లాట్లు విడుదలవుతాయి. మా బిల్డరు పక్క ఖాళీలు తగ్గించి కట్టాడు, ఓసీ రాలేదు. 26 నెలలు తిరిగాక ఆ తనఖా విడిపోయింది. అన్నాళ్లూ ఇటు అద్దె, అటు వాయిదా కట్టాను. నాన్నగారు ఆ రెండేళ్లూ అద్దె ఇంట్లో మూడో అంతస్తు మెట్లు ఎక్కి దిగారు. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

కాబట్టి అమ్మేవారి దగ్గర మొదట అడగాల్సింది ఓసీ. రెండోది, మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లాను. ఆ ప్లానులో మీ ఫ్లాటు ఉందో లేదో మీ కళ్లతో చూడండి. చిన్న అపార్టుమెంట్లలో పైన అనుమతి లేకుండా లేపిన పెంట్‌హౌసులు ఎన్నో ఉన్నాయి. రిజిస్ట్రేషను అయినంత మాత్రాన కట్టడం సక్రమం అయిపోదు. మూడోది ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ చూపే పత్రం. ఫ్లాటు నంబరుతో ఒకసారి, స్థలం సర్వే నంబరుతో ఒకసారి, రెండు రకాలుగా వెతకండి. కనీసం 30 ఏళ్లకు తీసి, అందులో కనిపించే ప్రతి లావాదేవీకి లింకు డాక్యుమెంటు, అంటే ఆస్తి అంతకుముందు చేతులు మారిన దస్తావేజు, అడగండి. గొలుసులో ఒక్క ముడి తెగినా అక్కడే ఆగండి.

ఈసీలో ఏమీ లేదు కాబట్టి అప్పు లేదని అనుకోకండి. దస్తావేజులు బ్యాంకులో అప్పగించి తీసుకున్న అప్పు ఈసీలో కనిపించకపోవచ్చు. అసలు దస్తావేజు అమ్మేవారి దగ్గరే ఉందా అని చూడాలి. జిరాక్సు చూపించి "అసలు కాగితాలు లాకరులో ఉన్నాయి" అంటే ఆ లాకరు దాకా వెళ్లండి. బ్యాంకుల తనఖాలను నమోదు చేసే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది, కొద్దిపాటి రుసుముతో ఆన్‌లైన్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు.

మీరు చూస్తున్న ప్రాంతంలో చెరువులు చాలా ఉన్నాయి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా, అంటే ఏమీ కట్టకుండా, వదలాలి. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వెబ్‌సైటులో చెరువుల పటాలున్నాయి, సర్వే నంబరు పట్టుకుని పోల్చి చూడండి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడిన తర్వాత ఈ గీత లోపల ఇల్లు ఉన్నవారు ఎంత ఆందోళన పడ్డారో మీరూ చూశారు.

కాగితాలయ్యాక ఇల్లు. అమ్మకానికి పెట్టిన ఇంటికి కొత్తగా రంగు వేసి ఉంటుంది, కంటితో చూస్తే ఏమీ తెలియదు. నేను చేసేది ఇది: పడకగదిలో, బాత్‌రూముకు ఆనుకున్న గోడ దగ్గర, చెక్క అలమర తలుపు తీసి లోపల అడుగు భాగంలో అరచేయి ఆనిస్తాను. రంగు బయట గోడలకు వేస్తారు గానీ అలమర లోపల ఎవరూ వేయరు. చెమ్మ ఉంటే చేతికి చల్లగా తగులుతుంది, గోరుతో గీరితే సున్నం పొడిపొడిగా రాలుతుంది. ఆ తర్వాత కింది అంతస్తుకు దిగి, సరిగ్గా ఆ ఫ్లాటు కింద ఉన్నవారి తలుపు తట్టి, మీ బాత్‌రూము పైకప్పు ఒకసారి చూడనిస్తారా అని అడుగుతాను. నన్ను ఇంతవరకు ఎవరూ కాదనలేదు, పైగా కాఫీ ఇచ్చి మరీ పైవారి మీద ఉన్న ఫిర్యాదులన్నీ చెప్పారు. పైకప్పు మీద గోధుమరంగు మరకలు, పెచ్చులూడి తేలిన ఇనుప చువ్వలు కనిపిస్తే అది లక్షన్నర, రెండు లక్షల పని. బేరంలో ఆ మేరకు తగ్గించుకోవచ్చు. చువ్వలు తుప్పు పట్టి ఉబ్బి, స్లాబు పగిలి ఉంటే మాత్రం బేరమే వద్దు.

వాచ్‌మన్‌తో పది నిమిషాలు మాట్లాడండి. వేసవిలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు దిగుతాయి, బోరు ఎన్నాళ్లు పోస్తుంది, మంజీరా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, ఈ ఫ్లాటులో గత మూడేళ్లలో ఎంతమంది మారారు. అద్దెకు ఉండేవారు ఏడాదికొకరు మారుతున్నారంటే ఇంట్లో గానీ, ఇంటివారిలో గానీ ఏదో ఉంది. అసోసియేషన్ ఖాతా పుస్తకం కూడా అడిగి చూడండి. లిఫ్టు మార్చాల్సి వస్తే డబ్బుందా, లేక మీరు చేరిన నెలలోనే తలా యాభై వేలు అడుగుతారా అనేది అందులో తెలుస్తుంది.

పాత ఫ్లాటుకు ఉన్న ఒక బలాన్ని చాలామంది గమనించరు. ఐదంతస్తుల అపార్టుమెంటులో 1,150 అడుగుల ఫ్లాటుకు 45, 50 గజాల భూమి వాటా రావడం మామూలే. ఆకాశహర్మ్యంలో దాదాపు అంతే ధర పెట్టినా అందులో సగం రాదు. ఇరవై ఏళ్ల తర్వాత కట్టడానికి విలువ పెద్దగా మిగలదు, మిగిలేది ఆ గజాలే. అప్పుడు మీ భవనంలో ఉండేది ఇరవై, ముప్పై మంది, ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోవచ్చు. దస్తావేజులో ఎన్ని గజాలు రాశారో చూసి, అందరి వాటాలూ కూడితే మొత్తం స్థలానికి సరిపోతుందో లేదో కూడా లెక్క చూడండి.

అమ్మేవారు అమెరికాలో ఉంటే, మన దగ్గర ఇది తరచూ ఉండేదే, రెండు జాగ్రత్తలు. వారి తరఫున తల్లిదండ్రులో అన్నదమ్ములో జీపీఏతో, అంటే తమ బదులు సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రంతో, సంతకం పెడతారు. ఆ జీపీఏ అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరించారా, ఇక్కడికి చేరాక మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించారా చూడండి. అది ఇచ్చిన మనిషితో స్వయంగా వీడియో కాల్‌లో మాట్లాడండి, ఎందుకంటే ఇచ్చినవారు మరణిస్తే సాధారణ జీపీఏ చెల్లదు. ఇక పన్ను: అమ్మేవారు ఇక్కడ నివసించేవారైతే, ధర 50 లక్షలు గానీ ఆపైన గానీ ఉన్నప్పుడు ఒక శాతం మీరే కోసుకుని ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. 55 లక్షలకు అది 55,000. అమ్మేవారు ప్రవాసులైతే ఈ ఒక శాతం వర్తించదు, కోత చాలా ఎక్కువ, తక్కువ కోసి పంపితే ఆ బకాయి మీ మెడకు చుట్టుకుంటుంది. ఆడిటరును కలిశాకే డబ్బు పంపండి.

అద్దెకిచ్చే విషయంలో ఎక్కువ చెప్పను. రెండు నెలల అడ్వాన్సు, పదకొండు నెలల ఒప్పందం, చేరిన రోజు ప్రతి గది ఫొటోలు, కరెంటు మీటరు రీడింగు. వంద రూపాయల కుళాయి పాడైతే ఆ రోజే మనిషిని పంపండి. నా ఫ్లాటు ఒకదానిలో ఒకే కుటుంబం తొమ్మిదేళ్లుగా ఉంది. మార్కెట్టు కన్నా వెయ్యి, పదిహేను వందలు తక్కువే తీసుకుంటున్నాను. ఈ తొమ్మిదేళ్లలో ఒక్క నెల కూడా అది ఖాళీగా లేదు.

చివరిగా బయానా గురించి అడిగారు. ఎంత తక్కువైతే అంత మంచిది, లక్ష దాటకండి. చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వండి, నగదు వద్దు. ఒప్పందంలో రెండు మాటలు తప్పకుండా రాయించండి. పత్రాల పరిశీలనలో లోపం తేలినా, బ్యాంకు పత్రాల కారణంగా అప్పు నిరాకరించినా బయానా మొత్తం పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఆస్తి పన్ను, కరెంటు, అసోసియేషన్ బకాయిలన్నీ రిజిస్ట్రేషను నాటికి అమ్మేవారే తీర్చి రసీదులు చూపించాలి. ఈ రెండింటికీ ఒప్పుకోనివారికి బయానా ఇవ్వకండి.